పాళెములోని నీరు: విపత్తు శిబిరాలలో అంటువ్యాధుల నివారణ – తెలుగు సంఘ చరిత్ర నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

నిజామాబాదు జిల్లా ముప్కాల్‌కు గోదావరి ఎంతో దూరం కాదు. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా నేటి శ్రీరాంసాగర్, ఈ ప్రాంతపు వరికి, పసుపుకు, మొక్కజొన్నకు ప్రాణాధారం. అయితే పంటను బ్రతికించే నీరే కొన్ని వానకాలాల్లో ఇంటిని ముంచుతుంది. 2022 జూలైలో గోదావరి పొంగింది. 2023 జూలైలో వేల్పూరు పరిసరాలు కుండపోత వానకు తల్లడిల్లాయి. 2025 ఆగస్టు చివర పొరుగున ఉన్న కామారెడ్డి జిల్లా వరద పాలయింది. ఇటువంటి ప్రతి సందర్భంలోను ఇల్లు విడిచిన కుటుంబాలు బడికో, ఫంక్షన్ హాలుకో, ప్రార్థనా మందిరానికో చేరుతాయి. తలుపు తెరవడం సంఘానికి కొత్త కాదు. తలుపు తెరచిన తరువాత లోపల ఏమి జరుగుతుందన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

ఈ ప్రశ్న మాకు గ్రంథాలయంలో పుట్టలేదు. కొన్నేళ్ల క్రితం ఒక వానకాలంలో మందిరాన్ని ఆశ్రయంగా తెరచినప్పుడు మేము అన్నము, దుప్పట్లు, ప్రార్థన – ఈ మూడింటిని సిద్ధం చేసుకున్నాము. మూడు రోజులు గడిచాక పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏ.ఎన్.ఎం. వచ్చి ముందుగా రోగులను కాదు, మూల నున్న నీళ్ల డ్రమ్మును చూసింది. దానికి మూత లేదు. వచ్చిన వారందరు అదే చెంబును, అదే చేతితో అందులో ముంచుతున్నారు. దేవుని కృప వలన అందరు కోలుకున్నారు గాని, ఆ డ్రమ్మును అక్కడ పెట్టింది మేమే అన్న సంగతిని మేము మరువలేకపోయాము.

విపత్తు ఒక్కసారే వచ్చి పోతుంది. ఆ తరువాత ప్రాణాలు తీసేది చాలావరకు మనము ఒకచోట చేర్చిన గుంపు, ఆ గుంపు త్రాగే నీరు, ఆ గుంపు మలవిసర్జన చేసే చోటు. తెలుగు నేల చరిత్ర దీనిని పలుమార్లు రుజువు చేసింది. కాబట్టి శిబిరంలో శుభ్రమైన నీటిని, మరుగుదొడ్డిని ఏర్పాటు చేయడం ప్రభుత్వ శాఖలకు వదిలేసే పని కాదనీ, అది ఆతిథ్య పరిచర్యలో భాగమనీ ఈ వ్యాసంలో చెప్పదలచాము.

1. ధాత కరువు – సహాయ శిబిరాలు (1876–78)

శిబిరము, అంటువ్యాధి – ఈ రెంటికి గల సంబంధం తెలుగువారికి అతి పెద్ద ఎత్తున అనుభవమైంది ధాత కరువు కాలంలోనే. 1876లో రెండు ఋతుపవనాలు విఫలమయ్యాయి. నాటి మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. దక్షిణ భారతమంతటిలో ఈ కరువు వలన చనిపోయిన వారు 50 లక్షలకు పైబడినట్లు అంచనా.

ఊళ్లు విడిచిన వారికి ప్రభుత్వం రెండు దారులు చూపింది. ఒంట్లో సత్తువ ఉన్నవారికి కాలువలు, రోడ్లు త్రవ్వే పనులు. లేనివారికి గంజి పోసే శిబిరాలు. రెండు చోట్లా వేలమంది ఒక్కచోట గుమిగూడారు. ఆకలితో కృశించిన శరీరాలను కలరా, రక్తవిరేచనాలు, మశూచి త్వరగా లొంగదీసుకున్నాయి. 1877లో వానలు తిరిగి కురిసినప్పుడు కష్టం తీరుతుందని అందరు ఆశించారు. అయితే నిలువ నీటితో పాటు దోమ వచ్చింది, దోమతో చలిజ్వరము వచ్చింది, బలహీనులైన వారిలో మరెందరో రాలిపోయారు. కనుక కరువు మృతులందరు అన్నం లేక చనిపోయారనుకోవడం సగం సత్యమే.

ఈ సందర్భంలో ఒక వాదము గమనార్హం. ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే నిమిత్తం పని చేసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యము, దానితో పాటు కొద్దిపాటి డబ్బు సరిపోతుందని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దానిని ఎదిరించాడు. ఆ కొలత మనిషిని బ్రతికించదని, ధాన్యము పెంచాలని, పప్పుదినుసులు కలపాలని వాదించాడు. 1877 మే నాటికి ఆ కూలిని కొంత సడలించక తప్పలేదు. అంటువ్యాధిని ఆపడంలో అన్నము కూడ ఒక మందే అన్న సంగతిని ఆ వైద్యుడు ఆనాడే గట్టిగా చెప్పాడు.

నీటి విషయంలో మాత్రం పాలకుల కళ్లు అంతగా తెరచుకోలేదు. కలరా త్రాగునీటి ద్వారా వ్యాపిస్తుందని 1854లోనే లండనులో జాన్ స్నో చూపించాడు. అయినను భారత ప్రభుత్వపు శానిటరీ కమిషనర్ జె.ఎం. కనింగ్‌హామ్ ఆ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. రాబర్ట్ కాక్ కలరా క్రిమిని గుర్తించి కలకత్తాలో దానిని మంచినీటి చెరువులో చూపినది 1884లో. అప్పటికి ధాత కరువు ముగిసి ఆరేళ్లు గడిచాయి. తెలియనందువల్ల కొందరు, తెలిసినా ఒప్పుకోనందువల్ల కొందరు తప్పు చేశారు. మనకు ఆ రెండు సాకులూ లేవు.

2. ఒంగోలు – కాలువ గట్టు మీద సంఘము

ఈ కరువు తెలుగు సంఘ చరిత్రలో ఒక మలుపు. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి ఒంగోలులో సేవ చేస్తున్నాడు. కరువు పనులలో మాదిగలు మేస్త్రీల చేతిలో అవమానాలు పడుతున్నారన్న మొర ఆయనకు చేరింది. యౌవనంలో సర్వే పని నేర్చిన వాడు గనుక బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని ఆయనే గుత్తకు తీసుకున్నాడు. తన బోధకులను పనికి పర్యవేక్షకులుగా నియమించాడు. కూలి సరిగా ముట్టింది, తిట్లు తగ్గాయి, జనము తండోపతండాలుగా వచ్చారు. కలరా కూడ వచ్చింది.

ఆ కాలంలో క్లౌ చేసిన మరొక నిర్ణయం మన విద్యార్థులు తెలిసికొనదగినది. అన్నము కోసం బాప్తిస్మము అన్న నింద రాకుండ, సహాయము సాగినంత కాలం సుమారు పదిహేను నెలలు ఆయన బాప్తిస్మములు ఆపివేశాడు. సహాయం ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన ప్రసంగాలలో ఈ సంఖ్య తరచుగా వినిపిస్తుంది. ఆ శిబిరంలోని కలరా మాత్రం వినిపించదు.

ఈ మౌనము చరిత్ర రచనలో ఒక లోపమని మా అభిప్రాయం. క్లౌ బోధకులు ఆ రోజుల్లో చేసినది వాక్యోపదేశము మాత్రమే కాదు. వారు మట్టి కొలిచారు, కూలి లెక్క చూశారు, రోగుల మధ్య తిరిగారు. సంఘకాపరి పనిలో ఇవి చేరవని ఆనాడు ఎవరు చెప్పలేదు. తెలుగు కాపరుల తొలి తరాల వారు శిబిర నిర్వాహకులుగా కూడ తర్ఫీదు పొందారు. ఆ వారసత్వం మనదే.

3. మూసీ వరద – హైదరాబాదు (1908)

ముప్కాల్, నిజామాబాదు ఆనాడు నైజాం ప్రభువుల ఏలుబడిలోనివి గనుక మన రాజధాని అనుభవాన్ని కూడ చూడవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచింది. మృతులు సుమారు 15,000 అని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది వరకు ప్రాణాలు దక్కించుకున్న కథ నగరవాసులకు సుపరిచితం. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయులకు ఆశ్రయము, భోజనము ఏర్పాటు చేయించాడు.

ఆ తరువాత జరిగినదే మన విషయానికి ముఖ్యం. మరుసటి ఏడు వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన రెండు జలాశయాలు కట్టమని సూచించాడు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఆయన ఆలోచన వరద కట్టడితో ఆగలేదు, నగరానికి మురుగు కాల్వల పథకము కూడ అందులో ఉండెను. ఈ లోగా 1911లో ప్లేగు నగరాన్ని తాకింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు పేటలను తొలగించి గాలి, వెలుతురు గల ఇళ్లు కట్టించే పనికి పూనుకున్నది. వరదకు గోడ కడితే చాలదని, జనము ఎక్కడ ఎలా నివసిస్తున్నారో చూడవలెనని ప్లేగు నేర్పింది.

4. బొంగావ్ – బక్కెటులోని మందు (1971)

ఇక్కడ తెలుగు నేల దాటి ఒక్క అడుగు వేయక తప్పదు. ఆ అడుగు వలన శిబిర వైద్యమే మారిపోయింది. 1971లో తూర్పు పాకిస్తాను నుండి దాదాపు కోటి మంది శరణార్థులు భారతదేశానికి వచ్చారు. వారు యుద్ధము వలన వచ్చినవారే, ప్రకృతి వైపరీత్యము వలన కాదు. అయితే శిబిరములోని నీటికి ఆ భేదము తెలియదు. వానలలో కలరా చెలరేగింది. సరిహద్దు పట్టణమైన బొంగావ్‌లో సెలైను సీసాలు అయిపోతున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా నీళ్లలో కలిపి డ్రమ్ములలో పోయించాడు. కప్పులతో రోగులకు త్రాగించినది వారి తల్లులు, అన్నదమ్ములే. సెలైను అందని శిబిరాలలో 30 శాతము వరకు ఉండిన కలరా మరణాలు ఆయన పర్యవేక్షణలో 4 శాతము లోపునకు తగ్గాయి. నేడు ఓ.ఆర్.ఎస్. అని మనము పిలిచే ఆ ద్రావణము ప్రపంచమంతటా లక్షలాది పిల్లలను కాపాడింది. ఆయన 2022లో మరణించాడు. 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

దీనిలో కాపరులకు ఉన్న పాఠమేమనగా, ప్రాణము నిలిపే వైద్యము డాక్టరు చేతిలోనే ఉండనక్కరలేదు. చదువురాని తల్లి కూడ చేయగలిగినది అది.

5. దివిసీమ – మృతుల విషయమై ఒక అపోహ (1977)

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను తెలుగువారు మరువలేరు. కృష్ణా డెల్టాలోని దివిసీమలో గ్రామాలకు గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000. మంత్రి మండలి వెంకట కృష్ణారావు, స్వచ్ఛంద సేవకులు, సంఘాలు, మదర్ తెరెసా – ఎందరో అక్కడికి కదిలారు. భూగర్భ జలము ఉప్పుగా ఉండే ఆ సీమలో చెరువే త్రాగునీరు. ఆ చెరువులలో ఉప్పునీరు, పశువుల కళేబరాలు నిండాయి.

గుర్తు తెలియని శవాలను ఆనాడు కుప్పలుగా దహనం చేయవలసి వచ్చింది. ఆ పని చేసిన సేవకుల ధైర్యం ముందు మేము తల వంచుతాము. అయితే శవాలను వెంటనే తొలగించకపోతే అంటురోగాలు వస్తాయన్న భయం అప్పుడే కాదు, ఇప్పటికీ ప్రతి విపత్తులో వినిపిస్తుంది. ఇది చాలావరకు అపోహ. నీట మునిగి, గోడ కూలి చనిపోయిన వారు సాధారణంగా ఆ క్షణం వరకు ఆరోగ్యవంతులే. వారి శరీరాలు అంటువ్యాధిని పుట్టించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ సంస్థలు 2006లో ప్రచురించిన మార్గదర్శిని, మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు – రెండును మృతులను గుర్తించి, వివరాలు నమోదు చేసి, గౌరవంగా సాగనంపమనే చెబుతున్నాయి. కలరా వంటి రోగముతో చనిపోయిన వారి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరము. కళేబరము పడిన త్రాగునీటిని కూడ వాడరాదు.

కాపరికి ఇది చిన్న విషయం కాదు. పేరు లేకుండ పాతిపెట్టబడిన భర్త కోసం భార్య ఏళ్ల తరబడి ఎదురు చూస్తుంది. మరణ ధృవపత్రము లేనందున పరిహారము రాదు. తొందరపాటు సమాధి రోగాన్ని ఆపదు గాని, దుఃఖానికి ముగింపు లేకుండ చేస్తుంది. బ్రతికినవారి నీటిని కాపాడడానికి తొందరపడవలెను. మృతులను సాగనంపడానికి తొందరపడనవసరము లేదు.

6. సహాయకులు తెచ్చే రోగము, సహాయములోని కులము

మరి రెండు ఉదాహరణలు మనలను మనము పరీక్షించుకొనుటకు పనికివస్తాయి. 2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపము వచ్చింది. ఆ అక్టోబరులో, ఆ దేశము ఎరుగని కలరా ఆర్తిబొనీట్ నదీ తీరాన మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరము నుండి మురుగు ఉపనదిలో కలిసినందున అది వ్యాపించిందని పరిశోధనలు తేల్చాయి. దాదాపు 10,000 మంది చనిపోయారు. 2016లో సమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పాడు. శుద్ధి చేసిన నీరు అందిన రాజధాని శిబిరాలలో తొలి దశలో వ్యాధి గ్రామాలలో కంటె తక్కువగా ఉండుట గమనార్హం. సహాయము చేయ వచ్చినవాడే రోగము తేగలడు. నీరు శుభ్రముగా ఉన్నచోట గుంపు కూడ బ్రతకగలదు.

రెండవది మన దేశములోనిదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు నాగపట్నం ప్రాంతపు శిబిరాలలో దళితులను వేరుగా ఉంచారని, నీటి తొట్ల వద్ద అడ్డుకున్నారని పత్రికలు, హక్కుల సంఘాలు నివేదించాయి. మన ఊళ్లలో ఊరి బావి, వాడ బావి అన్న భేదము ఎరుగని వారెవరు? ఒక కుళాయి వద్దకు రానీయనివాడు కుంట నీరు త్రాగుతాడు. కుంట నీటిలో పుట్టిన రోగము కుళాయి వద్దకు వచ్చి తీరుతుంది. కాలువ గుత్త తీసుకొనడానికి క్లౌను ప్రేరేపించిన అవమానము 1877తో అంతమైపోలేదు.

7. లేఖనము – పాళెము

ఇశ్రాయేలీయులు ప్రయాణములో ఉన్న ప్రజ. ద్వితీయోపదేశకాండము 23:12-14లో పాళెము వెలుపల మలవిసర్జనకు చోటు ఉండవలెనని, త్రవ్వి కప్పుటకు పనిముట్టు ఉండవలెనని ఆజ్ఞ కనబడుతుంది. ఆ ఆజ్ఞకు చూపిన కారణము ఇంకను ఆశ్చర్యకరము: దేవుడు ఆ పాళెములో సంచరిస్తున్నాడు గనుక అది పరిశుద్ధముగా ఉండవలెను. ఆ వచనము క్రిముల శాస్త్రము చెబుతున్నదని మేము వాదించము. అది ఆరాధనకు, మరుగుదొడ్డికి మధ్య మనము కట్టిన గోడను కూల్చుతున్నదని మాత్రము చెబుతాము.

2 రాజులు 2:19-22లో ఎలీషా పరిచర్య ఆరంభములోనే యెరికో వాసులు చెడ్డ నీటిని గురించి మొరపెట్టారు. ప్రవక్త వారికి ప్రసంగము చేయలేదు, నీటి ఊట యొద్దకు వెళ్లాడు. యాకోబు 2:15-16 వట్టి దీవెన మాటలను గద్దిస్తున్నది. చన్నీళ్ల గిన్నె ఇచ్చువాని ఫలమును గూర్చి ప్రభువు మత్తయి 10:42లో మాటలాడాడు. ఆ గిన్నెలోని నీరు రోగము తెచ్చేదైతే మన ప్రేమ అసంపూర్ణమే.

8. నేటి సంఘానికి

అంతర్జాతీయ సహాయ సంస్థలు 1997 నుండి రూపొందించిన స్ఫియర్ ప్రమాణాలు చరిత్ర నేర్పిన పాఠాలను అంకెలలో పెట్టాయి. వాటి ఆధారంగా, మందిరాన్ని ఆశ్రయంగా తెరిచే కాపరికి ఈ సూచనలు:

(1) మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు. త్రాగునీటి పాత్రకు మూత, కుళాయి ఉండవలెను. చెంబు ముంచరాదు.

(2) మామూలు బావి నీటికైతే 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంట సేపు ఆగవలెను. వరద నీరు చేరిన బావికి ఇది చాలదు. ఆరోగ్య సిబ్బంది చేత క్లోరిన్ పరీక్ష చేయించవలెను. లేనిచో మరగకాచవలెను.

(3) మొదటి రోజులలో 50 మందికి ఒకటి, తరువాత 20 మందికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు. నేల గుంటలైతే నీటి వనరుకు 30 మీటర్ల దూరంలో. స్త్రీలకు వేరుగా, తలుపు, దీపము, పక్కనే సబ్బు.

(4) ఒక్కొక్కరికి 3.5 చదరపు మీటర్ల చోటు. మందిరములో ఎంతమంది పడతారో వాన రాకముందే లెక్క కట్టవలెను. మిగిలినవారికి మరొక చోటు చూడవలెను.

(5) తట్టు గుంపులో అగ్గివలె ప్రాకుతుంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు టీకాలు వేయించుటకు ఆశా కార్యకర్తను మొదటి రోజే పిలువవలెను.

(6) విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లము లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు – చెంచా తలగొట్టి కొలవవలెను. తల్లిపాలు ఆపరాదు. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా ఆసుపత్రికి తరలించవలెను. ఎంతమందికి విరేచనాలైనవో రోజూ వ్రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలుపవలెను. దాచిపెట్టుట ఆతిథ్యము కాదు.

(7) నీటి వద్ద, భోజనము వద్ద ఒకే వరుస. కులము చొప్పున, మతము చొప్పున రెండవ వరుస ఉండరాదు. సహాయ కాలంలో మతమార్పిడి ఊసు ఎత్తరాదు. క్లౌ పదిహేను నెలల నిరీక్షణ మనకు మాదిరి.

(8) నీరు తీసిన తరువాత కూడ రెండు నెలలు జాగ్రత్త. చలిజ్వరము, డెంగీ, ఎలుక జ్వరము అప్పుడే వస్తాయి.

ముగింపు

మా ప్రాంతపు డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి, లోకము వెలివేసిన వారిని సంఘము చేర్చుకున్నదనుటకు సాక్ష్యము. ఆమె ఇచ్చినది ఆశ్రయము మాత్రమే కాదు, దానితో పాటు వైద్యము, క్రమశిక్షణ గల జీవనము. చేర్చుకొనుట ఎంత అవసరమో, చేర్చుకున్నవారిని రోగము నుండి కాపాడుట అంతే అవసరమని ఆ తరము ఎరిగియుండెను. సెమినరీలలో సంఘ చరిత్ర చదివే విద్యార్థులు 2,222 అను సంఖ్యతో పాటు ఆ కాలువ గట్టు మీది కలరాను కూడ చదువవలెనని, కాపరి శిక్షణలో నీటి శుద్ధి ఒక పాఠముగా చేరవలెనని మా మనవి.

మా మందిరములో ఇప్పుడు నీళ్ల డ్రమ్ముకు మూత, కుళాయి ఉన్నాయి. ప్రతి జ్యేష్ఠ మాసములో, వానలకు ముందు, సంఘ పెద్దలము బ్లీచింగ్ పౌడరు డబ్బా మీద తేదీ చూస్తాము. అది పాతబడితే పనిచేయదు. ఆ చిన్న పని ముగించిన తరువాతనే వానల కొరకు ప్రార్థిస్తాము.